తలకు దెబ్బ తగిలాక రెండో ముప్పు ఎందుకు?

ప్రశ్న: రోడ్డు ప్రమాదంలో మా అన్నయ్య తలకు బలమైన దెబ్బ తగిలింది. ఇప్పుడు ఐసీయూలో ఉన్నాడు. స్కానింగ్‌లో పెద్ద రక్తస్రావం లేదన్నారు. అయినా బీపీ, ఆక్సిజన్, జ్వరం గురించే డాక్టర్లు ఎక్కువగా ఆందోళన పడుతున్నారు. ఎందుకు?
- ఒక పాఠకురాలు

జవాబు: వారి ఆందోళనకు బలమైన కారణమే ఉందమ్మా. శరీర బరువులో సుమారు 2 శాతమే ఉండే మెదడు మనం వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతాన్ని ఖర్చు చేస్తుంది, కానీ దాన్ని నిల్వ చేసుకోలేదు. దెబ్బ తగిలిన వెంటనే నాడీకణాల్లో సోడియం, పొటాషియం, కాల్షియంల సమతూకం చెదిరిపోతుంది. దాన్ని సరిదిద్దడానికి కణాలకు మామూలు కంటే ఎక్కువ శక్తి కావలసి వస్తుంది. సరిగ్గా ఆ సమయంలోనే శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు దెబ్బతిని ఉండవచ్చు, బీపీ మారినప్పుడు సర్దుకునే గుణాన్ని మెదడు రక్తనాళాలు కోల్పోయి ఉండవచ్చు. అందువల్ల ఆరోగ్యంగా ఉన్న మెదడు తట్టుకోగలిగిన చిన్న ఒడుదొడుకు కూడా ఈ స్థితిలో కొత్త గాయమవుతుంది. రెండో ముప్పు అంటే ఇదే. 1993లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, పై బీపీ ఒక్కసారైనా 90 కంటే తగ్గిన రోగుల్లో మరణాలు దాదాపు రెట్టింపుగా కనిపించాయి.

స్కానింగ్ మెదడు ఆకృతిని చూపుతుందే తప్ప కణాలకు శక్తి అందుతోందో లేదో చెప్పదు. అది తెలుసుకోవడానికి కొన్ని ఆసుపత్రుల్లో సన్నని గొట్టాన్ని మెదడులో అమర్చి, కణాల చుట్టూ ఉన్న ద్రవంలోని పదార్థాలను సాధారణంగా గంటకోసారి కొలుస్తారు. దీన్నే మైక్రోడయాలసిస్ అంటారు. గ్లూకోజ్ నుంచి వచ్చే పైరువేట్ ఆక్సిజన్ చాలనప్పుడు లాక్టేట్‌గా మారుతుంది కాబట్టి పైరువేట్‌కు లాక్టేట్ ఎన్ని రెట్లుందో చెప్పే నిష్పత్తి 25 దాటితే జాగ్రత్తపడతారు, 40 దాటితే తీవ్రంగా పరిగణిస్తారు. నిష్పత్తి పెరిగి, గ్లూకోజ్, పైరువేట్ రెండూ బాగా పడిపోతే రక్తప్రసరణ చాలడం లేదని అనుమానించాలి. పైరువేట్ తగ్గకుండానే నిష్పత్తి పెరిగితే, ఆక్సిజన్ అందుతున్నా మైటోకాండ్రియాలు దాన్ని వాడుకోలేకపోతున్నాయని భావించాలి. నా దృష్టిలో ఈ తేడా చాలా విలువైనది, ఎందుకంటే రెండో సందర్భంలో బీపీని ఇంకా పెంచినంత మాత్రాన ప్రయోజనం ఉండకపోవచ్చు.

జ్వరం, ఫిట్స్ శక్తి అవసరాన్ని పెంచుతాయి. పుర్రె లోపలి ఒత్తిడి 22 (బీపీలాగే పాదరసం మిల్లీమీటర్లలో) దాటితే రక్తం అందడమే కష్టమవుతుంది. వెంటిలేటర్ శ్వాసను మరీ వేగంగా నడిపితే కార్బన్ డయాక్సైడ్ తగ్గి రక్తనాళాలు ముడుచుకుపోతాయి. రక్తంలో చక్కెర బాగా పెరగడం హానికరమే. అలాగని ఇన్సులిన్‌తో దాన్ని మరీ కట్టడి చేస్తే మెదడులో గ్లూకోజ్ ప్రమాదకరంగా తగ్గిపోవచ్చు. మీ అన్నయ్యకు ఈ అంశాల్లో వేటిని, ఎంత తరచుగా గమనిస్తున్నారో డాక్టర్లను నిస్సంకోచంగా అడగండి.