అమెరికా చరిత్ర కోసం పాత స్టాంపులు కొంటున్నారా? కవరుతో సహా కొనండి

మీ ప్రశ్న: పాత స్టాంపుల ద్వారా అమెరికా చరిత్ర తెలుసుకోవాలంటే 1847 నాటి మొదటి స్టాంపుల నుంచి వరసగా కొనాలా, అధ్యక్షుల బొమ్మలున్నవి పోగుచేస్తే సరిపోతుందా?

రెండూ వద్దు. 1847 నాటి స్టాంపులు, అంటే ఫ్రాంక్లిన్ బొమ్మ ఉన్న 5 సెంట్లది, వాషింగ్టన్ బొమ్మ ఉన్న 10 సెంట్లది, రెండూ ఖరీదైనవి. ఇక బొమ్మలంటారా, వాటిని నమ్ముకుంటే చరిత్ర రాదు. 1893లో చికాగో ప్రదర్శన కోసం (వివేకానందుడు మాట్లాడిన సర్వమత మహాసభ దానికి అనుబంధంగా జరిగిందే) కొలంబస్ స్టాంపులు వేశారు. 1 సెంటు స్టాంపులో కొలంబస్ ఓడ మీద నుంచి నేలను చూస్తుంటాడు, గడ్డం ఉండదు. 2 సెంట్ల దాంట్లో ఆ నేల మీద దిగేసరికి నిండా గడ్డం! వేర్వేరు పెయింటింగులు చూసి చెక్కారు మరి. 1898లో పశ్చిమ అమెరికా పశువులంటూ వేసిన 1 డాలరు స్టాంపు బొమ్మ స్కాట్లాండ్ పశువుల పెయింటింగు నుంచి తీసుకున్నది.

అసలు చరిత్ర ఉండేది తపాలా రేటులో, పోస్టాఫీసు కొట్టిన ముద్రలో, కవరులో.

1861 తీసుకోండి. అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలతో అంతర్యుద్ధం మొదలయ్యేనాటికి అక్కడి పోస్టాఫీసుల్లో ఫెడరల్ స్టాంపులు దండిగా ఉన్నాయి. వాటిని ఉత్తరాదిలో అమ్మి తిరుగుబాటుదారులు డబ్బు చేసుకుంటారని వాషింగ్టన్‌లోని ఫెడరల్ ప్రభుత్వం భయపడింది. పోస్ట్‌మాస్టర్ జనరల్ మాంట్‌గోమరీ బ్లెయిర్ ఆ ఆగస్టు నుంచి కొత్త స్టాంపులు దించి పాతవి చెల్లవన్నాడు. ఊరి పోస్ట్‌మాస్టరు పేపర్లో ప్రకటన వేస్తే జనం ఆరు రోజుల్లో మార్చుకోవాలి. 2016లో మన నోట్ల రద్దు చూసినవాళ్లకి ఆ హడావుడి వేరే చెప్పక్కర్లేదు. గడువు దాటాక పాత స్టాంపు అంటించిన కవర్ల మీద ‘పాత స్టాంపులు గుర్తించం’ అన్న ముద్ర కొట్టినవి ఇప్పటికీ వేలాల్లో కనిపిస్తాయి.

అవతలి పక్క చూస్తే, దక్షిణాది ప్రభుత్వం జూన్ 1న సొంత తపాలా మొదలుపెట్టింది గానీ అక్టోబరు దాకా సొంత స్టాంపు లేదు. డబ్బులు చేతికి తీసుకుని కవరు మీద ‘పెయిడ్’ అని ముద్ర కొట్టేవాళ్లు. కొన్ని ఊళ్లలో పోస్ట్‌మాస్టర్లే స్టాంపులు అచ్చువేసుకున్నారు. అక్టోబరులో వచ్చిన ఆకుపచ్చ 5 సెంట్ల స్టాంపు మీద అప్పటికి బతికే ఉన్న దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ బొమ్మ. స్టాంపులు చింపుకోవడానికి అంచుల్లో ఉండే చిల్లులు లేవు, కత్తెరతో కత్తిరించుకోవాల్సిందే. ఉత్తరాదిలో అర ఔన్సు ఉత్తరం 3 సెంట్లకు 3,000 మైళ్లు పోయేది, దక్షిణాదిలో 5 సెంట్లకు 500 మైళ్లే. తర్వాత కాగితం కరువొచ్చి వాడిన కవరునే విప్పి, లోపలివైపు బయటికి తిప్పి మళ్లీ వాడారు, గోడ కాగితాలతోనూ కవర్లు చేశారు. అలాంటి ఒక్క కవరు వంద బొమ్మల పెట్టు!

కొనేటప్పుడు చూడాల్సింది చెబుతాను. వాషింగ్టన్ బొమ్మ ఉన్న 3 సెంట్ల స్టాంపులో పై రెండు మూలల్లో 3 అంకె, కింది మూలల్లో యు, ఎస్ అక్షరాలు ఉంటే అది 1861ది. అంకెలు లేకుండా కింద అక్షరాల్లోనే ధర ఉంటే పాతది: చిల్లులు లేకపోతే 1851, ఉంటే 1857. అంచు కత్తిరించి చిల్లులు లేనిదిగా అమ్మేవాళ్లున్నారు, కాబట్టి నాలుగు వైపులా మార్జిను, అంటే బొమ్మ చుట్టూ ఖాళీ అంచు, వెడల్పుగా ఉందో లేదో చూడండి. ఆ కాలపు ముద్రల్లో చాలావాటికి ఊరు, నెల, తేదీ ఉంటాయి, సంవత్సరం ఉండదు. స్టాంపును బట్టి, రేటును బట్టి, లోపల ఉత్తరం ఉంటే దాని పైన రాసిన తేదీని బట్టి తేల్చుకోవాలి. అందుకే పాత కవరు దొరగ్గానే నీళ్లలో నానబెట్టి స్టాంపు ఊడదీసేవాళ్లను చూస్తే కడుపు మండుతుంది. ఊరూ తేదీ చిరునామా అన్నీ పోయి రంగు కాగితం ముక్క మిగులుతుంది.

ఇంకో చిరాకు, ‘ఆకుపచ్చ 1 సెంటు ఫ్రాంక్లిన్ కోట్లు పలుకుతుంది’ అన్న సోషల్ మీడియా పోస్టులు. కోట్లు పలికేది 1868 నాటి నీలం స్టాంపు. ముద్ర సిరా కాగితంలోకి ఇంకేలా, స్టాంపు కడిగి మళ్లీ వాడకుండా వెనక జల్లెడలాంటి నొక్కుడు గళ్లు వేసిన కాలం అది. వాటిలో ‘జెడ్ గ్రిల్’ అనే రకం గళ్లున్న 1 సెంటువి తెలిసినవి రెండే, ఒకటి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీది. ఆకుపచ్చవి తర్వాత తర్వాత కుప్పలుగా అచ్చయ్యాయి. 1908 నుంచి వచ్చిన వాషింగ్టన్, ఫ్రాంక్లిన్ స్టాంపులు ఏ కాలానివో చిల్లుల కొలతతో తేల్చుకోవాలి. 20 మిల్లీమీటర్లలో ఎన్ని చిల్లులో చూడండి: మామూలు షీట్లకు మొదట 12, 1914 నుంచి 10, 1917 నుంచి 11. 1917 నవంబరు 2న మొదటి ప్రపంచ యుద్ధం ఖర్చు కోసం ఉత్తరం రేటు 2 నుంచి 3 సెంట్లకు పెంచి, 1919 జులై 1న మళ్లీ 2కి దించారు. ఈ రెండు తేదీల మధ్య 3 సెంట్లతో పోయిన కవరు చవకగా దొరుకుతుంది, మొదలుపెట్టడానికి అదే మంచిది.

దాచడానికి పీవీసీ కవర్లు వాడకండి, అందులోని రసాయనం స్టాంపుకి దిగుతుంది. పాలియెస్టర్‌వి తీసుకోండి. విశాఖ లాంటి తేమ ఊళ్లలో జిగురున్న కొత్త స్టాంపులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, మధ్యలో నున్నగా, పల్చగా ఉండే గ్లాసిన్ కాగితం పెట్టండి. వివరాలు విడి చీటీ మీద రాసి జతచేయండి, కవరు మీద మాత్రం పెన్ను పెట్టకండి.