డాక్టర్ సలహా: ‘అతన్ని చూసైనా నేర్చుకోండి’ అంటే మా ఆయన కంచం తోసేస్తున్నారు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లెటూరు. మా ఆయనకు 52 ఏళ్లు, వడ్రంగి పని. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. పాదంలో మేకు దిగితే తెలుసుకోలేదు. పుండు పడి లోపలికి కుళ్లిపోయింది. నాలుగు నెలల కిందట ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. కృత్రిమ కాలు పెట్టించాం గానీ అది తలుపు మూల పడి ఉంది. పగలంతా గోడ వైపు తిరిగి పడుకుంటారు. సరిగా తినరు, ఎవరితోనూ మాట్లాడరు. లేని పాదం మండుతోందని రాత్రిళ్లు లేచి కూర్చుంటారు. మతి గాని చలించిందేమోనని భయంగా ఉంది. మా వీధి చివర పంక్చర్ షాపు తమ్ముడికి చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ పని చేయవు. అయినా పొద్దున్నే షాపు తీస్తాడు. పానాలన్నీ కూర్చున్న చోటికి అందేలా గోడకు కిందగా తగిలించుకున్నాడు. ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. ఈమధ్య భుజం నొప్పి అంటున్నాడు, అయినా పని మానడు. ‘అతన్ని చూసైనా నేర్చుకోండి’ అని మా ఆయనకు రోజూ చెబుతున్నాను. మొన్న ఆ మాటకు కంచం తోసేశారు. ఆయనకు పట్టుదల రావాలంటే ఏం చేయాలి? దానికి మందులేమైనా ఉన్నాయా?
– ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ భయం తీరుస్తాను. మీ ఆయనకు మతి చలించలేదు. కాలు తీసేసిన వాళ్లలో చాలామందికి ఆ లేని కాలు ఉన్నట్టే అనిపిస్తుంది. దురద పెడుతుంది, మండుతుంది, వేళ్లు మెలితిప్పినట్టు లాగుతుంది. కాలు పోయినా, ఆ కాలి సంగతులు చూసుకునే చోటు మెదడులో అలాగే ఉంటుంది. తెగిన నరాల కొసల నుంచి తప్పుడు కబుర్లు వెళ్తుంటే మెదడు వాటిని పాదం నుంచి వచ్చినట్టే లెక్క వేసుకుంటుంది. ఆ నొప్పి నిజమైన నొప్పి. ‘లేని కాలికి నొప్పేమిటండీ’ అని ఇంట్లో ఎవరైనా అని ఉంటే, ఆయన నోరు మూసుకోవడానికి అదొక్కటే చాలు. ఇలా చాలామందికి ఉంటుందని డాక్టరే చెప్పారని ఈరోజే ఆయనకు చెప్పండి.

దీనికి మందులున్నాయి. గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి వాడతాం. కానీ షాపులో అడిగి తెచ్చుకునేవి కావు. కిడ్నీల పనితీరు చూసి మోతాదు వేయాలి, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన జిల్లాలో ఆ జాగ్రత్త మరీ ముఖ్యం. ఖర్చు లేని ఉపాయం ఇంకొకటి ఉంది. 1990లలో వి.ఎస్. రామచంద్రన్ అనే నరాల శాస్త్రవేత్త అద్దంతో చేసి చూపించారు. మంచం మీద కాళ్లు చాపి కూర్చోబెట్టి, రెండు కాళ్ల మధ్య నిలువుటద్దం పెట్టండి. అద్దం ముఖం బాగున్న కాలి వైపు ఉండాలి. ఆయన అద్దంలోకి చూస్తూ కుడి పాదాన్ని మెల్లగా ఆడించాలి. పోయిన కాలు కదులుతున్నట్టు కళ్లకు కనబడుతుంది. రోజూ పావుగంట చొప్పున కొన్ని వారాలు చేస్తే కొందరికి మంట బాగా తగ్గుతుంది. అందరికీ తగ్గదు, అయినా చేసి చూడటంలో నష్టం లేదు. మొదటిసారి చూసినప్పుడు కొందరికి ఏడుపు వస్తుంది. పక్కనే ఉండండి.

ఇక పట్టుదల సంగతి. గోడ వైపు తిరిగి పడుకోవడం, తిండి మీద మనసు లేకపోవడం, మనుషుల్ని తప్పించుకోవడం రెండు వారాలు దాటి సాగుతుంటే దాన్ని మేము బద్ధకం అనం. డిప్రెషన్ అంటాం, అది జబ్బు. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడికి తీసుకెళ్లండి. ఇచ్చే మందులు రెండు నుంచి నాలుగు వారాల తర్వాతే పని చేయడం మొదలుపెడతాయి కాబట్టి వారానికే మానేయకండి. నిద్రమాత్రల్లా అలవాటు పడతాయన్న భయం వద్దు. ‘నేను పోతే మీకు భారం తగ్గుతుంది’ లాంటి మాట ఎప్పుడైనా వస్తే మర్నాటికి వాయిదా వేయకండి. 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ఈ ఉచిత సేవలో రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఈరోజే బయటికి పంపేయండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ మీ చేతిలో పెట్టుకోండి. ‘చచ్చిపోవాలని ఉందా’ అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అని చాలామంది భయపడతారు. అలా పుట్టదు. అడిగితే మనిషికి బరువు దిగుతుంది.

పంక్చర్ షాపు తమ్ముడి గురించి మీరు రాసినదాంట్లో ఒక చిన్న మాట దగ్గర ఆగిపోయాను. పానాలన్నీ గోడకు కిందగా తగిలించుకున్నాడని రాశారు. అతని నవ్వు వీధిలో అందరికీ కనిపిస్తుంది, ఆ మేకుల వరస మీద ఎవరి చూపూ ఆగదు. ఎప్పుడో ఒకరోజు అందని ఎత్తులో పానా ఉండి పని ఆగిపోయి ఉంటుంది. బండి తెచ్చినాయన ముందు చిన్నబోయి ఉంటాడు. ఆ తర్వాత ఒక మేకు కిందికి దించి ఉంటాడు. మరోనాడు ట్యూబు ముంచే నీళ్ల బేసిన్ దగ్గరికి జరుపుకుని ఉంటాడు. బరువైన బండి స్టాండు వేయడానికి పక్క కొట్టు కుర్రాణ్ణి పిలవడం నేర్చుకుని ఉంటాడు. మనం పట్టుదల అని ఒక్క మాటలో అనేసేది ఇలా ఏళ్ల తరబడి, ఒక్కో ఇబ్బందికీ ఒక్కో ఏర్పాటు చేసుకుంటూ పోగుపడినది. నాకు అతనిలో గొప్పగా కనిపించింది ఇదే. ఇది పుట్టుకతో వచ్చే గుణం కాదు, పక్కన కూర్చుని నేర్చుకోగల పని.

కానీ పోలిక పెట్టకండమ్మా. ఆ తమ్ముడికి ఊహ తెలిసినప్పటి నుంచి అదే ఒళ్లు. మీ ఆయన అర్ధశతాబ్దం పైగా రెండు కాళ్ల మీద తిరిగిన మనిషి, నిచ్చెనలెక్కి దూలాలు ఎత్తిన మనిషి. కాలు పోయి నాలుగు నెలలే అయింది. ఆ కాలితో పాటు పనీ, పదిమందిలో పేరూ పోయాయని ఆయన లెక్క. ‘అతన్ని చూసైనా’ అన్న మాటలో ఆ ‘అయినా’ ఆయనకు ‘నువ్వు అతనికన్నా చేతకానివాడివి’ అని వినిపిస్తోంది. మీరు ఆ ఉద్దేశంతో అనలేదని నాకు తెలుసు. నాలుగు నెలలుగా ఇల్లూ మనిషీ ఒంటిచేత్తో లాక్కొస్తున్నారు, విసుగు రాకుండా ఎలా ఉంటుంది?

చుట్టాలు కూడా ఇదే చేస్తారు. ఫోన్లో వీడియోలు పంపుతారు. అరుణిమా సిన్హా 2011లో దొంగలు రైల్లోంచి తోసేస్తే కాలు పోగొట్టుకుని 2013లో ఎవరెస్టు ఎక్కింది, నువ్వు లేచి కూర్చోలేవా అంటారు. ఆవిడ సాధించింది నిజంగా అసాధారణం. దాని వెనక ఎవరెస్టు ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ లాంటి గురువూ, మంచి కృత్రిమ కాలూ, రోజూ శిక్షణా ఉన్నాయి. ఆ సంగతి ఎవరూ చెప్పరు. మన వైపైతే కోడి రామమూర్తి గారి కథ ఉండనే ఉంది. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే. అంతటి మల్లయోధుడికి చివర్లో కాలు తీసేయాల్సి వస్తే మత్తుమందు లేకుండానే ఆపరేషన్ చేయించుకున్నారని మన పెద్దలు గర్వంగా చెప్పుకుంటారు. ఆయన మీద నాకూ గౌరవమే. కానీ నొప్పి ఓర్చుకోవడమే మగతనం అని మీ ఆయన అనుకుంటే అడగాల్సిన మందు అడగరు. నొప్పి తగ్గితే నిద్ర పడుతుంది, నిద్ర పడితే తిండి సయిస్తుంది, అప్పుడు కదా లేచి నడవాలన్న ఆలోచన వచ్చేది.

అందుకని ఇలా చేసి చూడండి. ముందు ఆ తమ్ముణ్ణి విడిగా అడగండి, ‘మీ బావ దగ్గర కాసేపు కూర్చుంటావా’ అని. అతనికీ బాగోని రోజులుంటాయి. ఊళ్లో అందరికీ ధైర్యం చెప్పాల్సిన బాధ్యత అతని మీద లేదు, ఇష్టమైతేనే రానివ్వండి. వచ్చాక టీ ఇచ్చి మీరు అవతలికి వెళ్లిపోండి. రాత్రి బాత్రూముకి ఎలా వెళ్తావు, బస్సు ఎలా ఎక్కుతావు, జనం అదేపనిగా చూస్తుంటే ఏం చేస్తావు లాంటివి మీ ముందు ఆయన అడగలేరు, మా లాంటి డాక్టర్లకు వాటి జవాబులు తెలియవు. ఇద్దరూ రాజకీయాలు మాట్లాడుకుని లేచిపోయినా ఫర్వాలేదు, గోడ వైపు నుంచి ఇటు తిరిగారు కదా. ఇంకొకటి. మీ ఆయన చేతిలో పని ఉంది. షాపులోకి బండి ఎక్కించడానికి చెక్క వాలు కావాలేమో, కూర్చునే పీట ఎత్తు సరిపోతోందో లేదో ఆ తమ్ముణ్ణే అడగమనండి. అవసరమని అతను అంటే కొలతలు తీసుకోవడం మీ ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. రోజూ సాయం తీసుకునే మనిషికి తన చేత్తో ఒకరికి చేసిపెట్టే అవకాశం రావడం చికిత్సలో భాగంగానే చూస్తాం.

మూల పడి ఉన్న కాలి గురించి. తలుపు మూల పడి ఉందన్నారు గానీ, పెట్టుకుంటే ఎక్కడ నొప్పి అని అడిగారా? ఆపరేషన్ తర్వాత మొదటి నెలల్లో మొండి భాగం వాపు తగ్గి సన్నబడుతుంది. అప్పుడు కాలు దూర్చే సాకెట్ వదులై లోపల కొట్టుకుంటుంది, నడిస్తే ప్రాణం పోయినంత నొప్పి. కాలు ఇచ్చిన చోటికే తీసుకెళ్లి సరిచేయించండి. మొదట రోజుకు గంటసేపు చాలు. విప్పాక అద్దం పెట్టి చూడండి, ఎరుపు పది, పదిహేను నిమిషాల్లో పోతే భయం లేదు. పోకపోయినా, పొక్కు లేచినా ఆ కాలు పక్కన పెట్టి డాక్టరుకు చూపించాలి. షుగర్ ఉన్నవాళ్లకు స్పర్శ తక్కువ, నొప్పి చెప్పేదాకా ఆగకూడదు. పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెడుతున్నారా? తీసేయండి. అలా వంచి ఉంచితే మోకాలు ఆ వంపులోనే బిగుసుకుపోయి, రేపు ఎంత మంచి కాలు తెచ్చినా నిలబడలేరు. రోజుకు రెండుసార్లు ఇరవై నిమిషాలు బోర్లా పడుకోమనండి, తుంటి బిగుసుకోకుండా ఉంటుంది.

ఎలాంటి కాలు మంచిదని అడిగేవాళ్లకు నేను జైపూర్ పాదం గురించి చెబుతాను. 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి రూపొందించారు. చెప్పులు లేకుండా నడిచే, నేల మీద కూర్చునే, బురదలో దిగే మన మనుషుల కోసమే చేసినది. ఆ ఆలోచన ఇచ్చిన శర్మ చేతిపని మనిషి అని మీ ఆయనకు చెప్పండి, వడ్రంగికి ఆ మాట రుచిస్తుంది.

వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్ తీసుకోకపోతే గ్రామ సచివాలయంలో అడిగి శిబిరానికి స్లాట్ బుక్ చేయించుకోండి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు తేలితే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. 2024 జులై నుంచి అది నెలకు 6,000 రూపాయలు. మోకాలి కింద కాలు తీసేసిన వాళ్లకు మామూలుగా ఆ శాతం దాటుతుంది.

ఆ తమ్ముడి భుజం నొప్పిని తేలిగ్గా తీసుకోకండి. ఏళ్ల తరబడి కాళ్ల పని కూడా చేతులే చేస్తే భుజం కీళ్లు అరిగిపోతాయి. పోలియో వచ్చి పోయిన కొన్ని దశాబ్దాలకు కొందరిలో కొత్తగా నీరసం, కండరాల బలహీనత, చలికి తట్టుకోలేకపోవడం, నిద్రలో ఊపిరి ఇబ్బంది మొదలవుతాయి. ఇది పోలియో తిరిగి రావడం కాదు, అలిసిపోయిన నరాలు చేతులెత్తేయడం. ఇలాంటప్పుడు ‘ఇంకాస్త గట్టిగా పని చేస్తే అదే పోతుంది’ అనుకుంటే కీడు. మధ్యమధ్య విశ్రాంతి, బరువులెత్తడం తగ్గించడం, ఒకసారి ఎముకల డాక్టరుకో నరాల డాక్టరుకో చూపించుకోవడం అవసరం. నవ్వుతూ ఉంటాడని అతన్ని ఎవరూ అడగరు. మీరు అడగండి.

చివరగా ఈ వారంలోనే చేయించాల్సినవి రాస్తున్నాను. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, రక్తం శాతం, థైరాయిడ్. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్లుగా వాడుతుంటే విటమిన్ బీ12 కూడా. వీటిలో ఏది తేడాగా ఉన్నా మనిషి ఇలాగే నీరసంగా పడి ఉంటాడు. చుట్ట, బీడీ ఉంటే పూర్తిగా మానాలి, అవి కాళ్ల రక్తనాళాలను మూసేస్తాయి. కుడి పాదాన్ని రోజూ రాత్రి మీరే దీపం వెలుగులో వేళ్ల సందులతో సహా చూడండి. పని మొదలుపెట్టాక చెక్కను పాదంతో తొక్కిపట్టి ఉలి ఆడించే అలవాటు మానిపించి, బల్లకు బిగించే పట్టుకర్ర పెట్టించండి. ఇంట్లో కూడా ముందు మూసుకున్న మెత్తటి చెప్పు వేసుకోవాలి. చిన్న పొక్కయినా, రంగు మారినా, గోరు పక్క చీము కనిపించినా పసుపు రాసి చూద్దాం అనుకోకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.