గైడ్ గారే ధర్నాలో కూర్చుంటే మా అమ్మాయి సంగతేంటండి?

అమలాపురం దగ్గర పల్లె నుంచి ఒక నాన్నగారు అడిగారండి. వరి, కొబ్బరి రైతు. అమ్మాయి కాలిఫోర్నియాలో ఎకనామిక్స్ పీహెచ్‌డీ రెండో ఏడు. అక్కడ ఫీజుల మీద, ఇంటద్దెల మీద, ఉన్నోడికీ లేనోడికీ పెరిగిపోతున్న తేడా మీద స్టూడెంట్లు క్యాంపస్‌లో ధర్నాకి దిగారట, వీళ్ళ గైడ్ మేడమ్ సపోర్ట్ లెటర్‌లో సంతకం పెట్టి స్వయంగా వెళ్ళి కూర్చుంటున్నారట, "మేడమే వెళ్తుంటే నాకేం భయం నాన్నా" అంటోందట పిల్ల. గైడ్‌ని మార్చేసుకోమనాలా, లేకపోతే ఇంటికి వచ్చేయమనాలా అని ఈయన కంగారు.

రెండూ వద్దండి బాబూ. ముందు గైడ్ సంగతి చెప్తాను.

అక్కడ ప్రొఫెసర్లు పిల్లల పక్కన నిలబడటం కొత్తేం కాదు. 2011 సెప్టెంబర్ 17న న్యూయార్క్‌లో ఆక్యుపై వాల్‌స్ట్రీట్ మొదలైంది, "మేం 99 శాతం" అని, అది నవంబర్‌కల్లా కాలిఫోర్నియా క్యాంపస్‌లకి పాకింది. నవంబర్ 9న బర్క్‌లీలో పిల్లలు టెంట్లేస్తే పోలీసులు లాఠీలతో పొడిచారు, చూద్దామని వెళ్ళిన రాబర్ట్ హాస్ అనే పెద్దాయనకి, 70 ఏళ్ళ కవి, అక్కడే ప్రొఫెసర్, ఆయనకీ పక్కటెముకల మీద దెబ్బలు పడ్డాయి. సెలెస్ట్ లాంగన్ అనే ఇంగ్లిష్ ప్రొఫెసర్‌ని జుట్టు పట్టి లాగి అరెస్ట్ చేశారు. 18న డేవిస్‌లో, అదీ కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్సే, నేల మీద కూర్చున్న పిల్లల మొహాల మీద పెప్పర్ స్ప్రే కొట్టారు, అప్పుడు అక్కడి ఫ్యాకల్టీ అసోసియేషనే ఛాన్సలర్ దిగిపోవాలంది. అసలు పైనున్న ఆ 1 శాతం మంది చేతిలో ఎంత ఉందో లెక్కలు తేల్చిందీ పికెటీ, సాయెజ్ లాంటి ప్రొఫెసర్లే కదా. సాయెజ్‌కి 2009లో, ఆయనతో కలిసి పనిచేసిన జుక్‌మన్‌కి 2023లో క్లార్క్ మెడల్ వచ్చింది, 40 లోపు ఎకనామిస్టులకి అంతకన్నా పెద్ద పేరు లేదు. కాబట్టి ఈ సబ్జెక్ట్ పట్టుకున్న గైడ్ దగ్గర ఉంటే కెరీర్ పోతుందన్న భయం అక్కర్లేదు, మధ్యలో గైడ్‌ని మారిస్తేనే ఫండింగూ, ఏడాదీ పోయే ప్రమాదం.

ఇప్పుడు అసలు విషయం. అదే 2011 ఖరీఫ్‌లో మన కోనసీమ రైతులు గిట్టుబాటు ధర కోసం క్రాప్ హాలిడే పెట్టారు, మీరూ పొలం బీడు పెట్టే ఉంటారు. గుర్తు చేసుకోండి, సొంత భూమి ఉన్నోళ్ళు ఒక పంట వదిలేసినా కొబ్బరి మీద ఎలాగో లాక్కొచ్చారు, కౌలుకి చేసేవాళ్ళకీ నాట్లకెళ్ళే ఆడవాళ్ళకీ ఆ సీజనంతా చేతిలో పని లేదు. మేడమ్‌ది సొంత పొలం అండి, దాన్ని టెన్యూర్ అంటారు, నచ్చని మాట అన్నారని ఊరికే తీసేయలేరు. (టెన్యూర్ లేని వాళ్ళూ మాట్లాడారు, డేవిస్‌లో ఛాన్సలర్‌ని దిగిపొమ్మని ఉత్తరం రాసిన నేథన్ బ్రౌన్ అప్పటికి అసిస్టెంట్ ప్రొఫెసరే, కానీ ఆయనకీ ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా, గొడవ లేదుగా.) మీ అమ్మాయి కౌలు మీద ఉంది. ఇది మేడమ్‌కి చెప్పినా ఒప్పుకుంటారు, మంచి గైడ్ అయితే ఆవిడే ముందు చెప్తారు.

అలాగని గదిలో తలుపేసుక్కూర్చోమనట్లేదు. 2022 నవంబర్‌లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో టీఏలూ (క్లాసుల్లో ప్రొఫెసర్లకి సాయం చేసే స్టూడెంట్లు) రీసెర్చర్లూ సుమారు 48 వేల మంది జీతాల కోసం యూనియన్ తరఫున సమ్మె చేశారు, మన దేశం పిల్లలూ ఉన్నారు, కొంతమంది ప్రొఫెసర్లు గ్రేడ్లు ఇవ్వకుండా ఆపి సాయం చేశారు. అది పద్ధతిగా యూనియన్ పిలుపిచ్చిన సమ్మె. పర్మిషన్ ఉన్న ర్యాలీకి వెళ్ళడం, మీటింగ్‌లో కూర్చోవడం, లెక్కలు తీసి పెట్టడం, ఇవి వేరు. ఖాళీ చేయండని పోలీసు మైకులో చెప్పాక కూడా టెంట్‌లో ఉండటం వేరు. అక్కడ్నుంచే ప్రమాదం.

అరెస్ట్ అయితే కేసు తర్వాత కొట్టేసినా సరే, వీసాకి అప్లై చేసే డీఎస్-160 ఫామ్‌లో "ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా" అని అడుగుతారు, అవును అనే పెట్టాలి. రేపు హెచ్-1బీ స్టాంపింగ్‌కీ అదే ఫామ్, గ్రీన్‌కార్డ్ దాకా వెంట వస్తుంది. దాచిపెడితే అరెస్ట్ కంటే అబద్ధమే ఎక్కువ ముంచుతుంది, ఇది నేను ఎంతమందికి చెప్పినా వినరు. యూనివర్సిటీ సస్పెండ్ చేస్తే ఫుల్‌టైమ్ స్టూడెంట్ కాకుండా పోతుంది, ఎఫ్-1 స్టేటస్ అక్కడే పోద్ది. 2025లో అయితే చిన్న చిన్న పోలీస్ రికార్డులున్న పిల్లల సెవిస్ రికార్డులు (విదేశీ స్టూడెంట్ల మీద అక్కడి ప్రభుత్వం ఉంచే లెక్క) కూడా టపటపా తీసేశారు, కోర్టులకెళ్తే గానీ వెనక్కి రాలేదు. అదే ఏడు జూన్ నుంచి స్టూడెంట్ వీసా అప్లై చేసేవాళ్ళు సోషల్ మీడియా పబ్లిక్‌లో పెట్టాలన్నారు, కాబట్టి ఫొటోలు పెట్టేముందు ఒకటికి రెండుసార్లు చూసుకోమనండి.

డేవిస్ పిల్లలు 21 మందికి తలా 30 వేల డాలర్లు పరిహారం వచ్చింది నిజమే, కానీ ఆ సెటిల్‌మెంట్ కుదరడానికే దాదాపు ఏడాది పట్టింది, ఆ ఏడాదిలో వీసా రెన్యువల్ పడితే మన పిల్లకి ఎలాగండి.

ఈసారి ఫోన్ చేసినప్పుడు వెళ్ళొద్దని మాత్రం అనకండి, అంటే మీకు చెప్పకుండా వెళ్తుంది, అంతే. ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో నీ డీఎస్ఓ, అంటే నీ వీసా వ్యవహారాలు చూసే ఆఫీసర్, ఎవరమ్మా అని అడగండి. పేరు తడుముకుందంటే ముందు అక్కడికి వెళ్ళి కూర్చోమనండి, ధర్నా దగ్గరికి ఆ తర్వాత.