మంచాన పడ్డవాళ్ళని చూసుకునే టెన్షన్‌తో నిజంగా జబ్బులు వస్తాయా?

నాలుగైదు నెలల క్రితం నాన్నగారికి పక్షవాతం వచ్చిందని, అప్పటినుంచి అన్నీ మీరే చూసుకుంటున్నారని, ఇప్పుడు జుట్టు ఊడటం, నోటిపూత, ఒక దెబ్బ ఎంతకీ మానకపోవడం కనిపిస్తున్నాయని రాశారు. టెస్టుల్లో ఏమీ తేలక డాక్టరు "టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేశారట. ఆయన మాటలో తప్పు లేదండీ. కాకపోతే టెన్షన్ అనగానే "నీకేం లేదు, అంతా నీ భ్రమ" అన్నట్టు వినపడుతుంది మనకి. భ్రమ కాదు.

మా అత్తగారికి డిమెన్షియా, అంటే పెద్ద వయసులో వచ్చే మతిమరుపు జబ్బు. పగలంతా బాగానే ఉంటారు. లైట్లు వేసే వేళ నుంచి మొదలవుతుంది: "మా ఊరి బస్సు వెళ్ళిపోతుందే, తలుపు తియ్యి" అంటూ గ్రిల్ గడియ పట్టుకుని లాగుతారు. తాళంచెవి కొంగుకి ముడేసుకుని పడుకునేదాన్ని. ఆవిడ హాయిగా నిద్రపోయిన రాత్రి కూడా గడియ చప్పుడైనట్టనిపించి ఉలిక్కిపడి లేచేదాన్ని. గుండె దడదడలాడేది, నోరు పిడచకట్టుకుపోయేది. ఆ రోజుల్లోనే కూర తరుగుతుంటే వేలు తెగింది. చిన్న గాటే, నాకు షుగర్ కూడా లేదు. అయినా వారాల తరబడి పచ్చిగానే ఉండిపోయింది.

సరిగ్గా ఇలాంటి గాయాల మీదే అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు పరిశోధన చేసి 1995లో ప్రచురించారు. జానిస్ కీకోల్ట్-గ్లేజర్ అనే సైకాలజిస్టు బృందం అది. డిమెన్షియా ఉన్న బంధువులకి సేవ చేస్తున్న 13 మంది ఆడవాళ్ళనీ, దాదాపు అదే వయసు, అంతే ఆదాయం ఉండి ఆ బాధ్యత లేని మరో 13 మందినీ తీసుకున్నారు. అందరికీ ముంజేతి మీద 3.5 మిల్లీమీటర్ల గాయం చేసి, ఎన్నాళ్ళకి మానుతుందో చూశారు. సేవ చేస్తున్నవాళ్ళకి సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది.

కారణం మన ఒంట్లోనే ఉంది. ఆపద అని మెదడు అనుకోగానే మూత్రపిండాల మీదుండే ఎడ్రినల్ గ్రంథులు రెండు హార్మోన్లని, ముందు ఎడ్రినలిన్‌నీ, ఆ వెనకే కార్టిసాల్‌నీ వదులుతాయి. గుండె వేగం, బీపీ, రక్తంలో చక్కెర పెరుగుతాయి. కుక్క వెంటపడితే పరుగెత్తడానికి ఇది కావాల్సిందే. కానీ మన ఇళ్ళలో ఆపద అరగంటలో వెళ్ళిపోదు కదా. గాయం మానాలంటే ముందు అక్కడ కాస్త వాపు రావాలి, కార్టిసాల్ ఆ వాపునే అణిచేస్తుంది. కార్టిసాల్ లాగే పనిచేసే స్టిరాయిడ్ మాత్రలు ఎక్కువకాలం వాడేవాళ్ళకి పుండ్లు ఆలస్యంగా మానేదీ ఇందుకే. ఇక జుట్టంటారా, మనసుకో ఒంటికో పెద్ద దెబ్బ తగిలిన రెండు మూడు నెలలకి ఊడటం మొదలవుతుంది. మీ లెక్క చూస్తే ఆస్పత్రి రోజుల ఫలితం ఇప్పుడు దువ్వెనలో కనిపిస్తోందేమో.

అలాగని అన్నీ టెన్షన్ ఖాతాలో వేసేయకండి. కడుపులో అల్సర్లని ఒకప్పుడు అలాగే అన్నారు. చాలావాటికి కారణం బ్యాక్టీరియా అని కనిపెట్టినందుకు 2005లో ఇద్దరు ఆస్ట్రేలియా డాక్టర్లకి నోబెల్ వచ్చింది. థైరాయిడ్, ఐరన్, షుగర్ చూపించుకోకపోతే చూపించుకోండి. నోట్లో ఒకేచోట పుండు మూడు వారాలు దాటినా మానకపోతే మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. ఛాతీలో నొప్పి వస్తే "టెన్షనేలే" అనుకుని పడుకోవద్దు, ఈసీజీ తీయించుకోండి.

నాకు పనికొచ్చిందేమిటంటే, రాత్రి నిద్ర. ధ్యానం చెయ్యి, పాజిటివ్‌గా ఆలోచించు అని చెప్పినవాళ్ళు చాలామందే గానీ, ఒక్క రాత్రి నేనొచ్చి పడుకుంటానన్నవాళ్ళు లేరు. చివరికి వారంలో కొన్ని రాత్రులకి ఒక ఆయమ్మని పెట్టుకున్నాం. శని, ఆదివారాలు మా ఆడపడుచు తీసుకుంది. "వీలైనప్పుడు వస్తాలే వదినా" అంటే కుదరదని, ఏ రోజో చెప్పమని పట్టుబట్టాను. తాళంచెవి ఇంకొకరి చేతికిచ్చాకే నాకు ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది.

మీ అన్నదమ్ములతో కూడా రోజులు తేల్చి మాట్లాడుకోండి. డబ్బు పంపుతున్నాం కదా అంటే, ఆ డబ్బుతోనే రాత్రి మనిషిని పెట్టండి. దిగులుతో మనసుకి మరీ ఊపిరాడనట్టుంటే, మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్ ఉంది, నంబరు 14416, ఉచితం. తెలుగులోనే మాట్లాడతారు, అర్ధరాత్రైనా ఎత్తుతారు.