పిలకాయలకు ఎండాకాలంలో ముక్కులోంచి రక్తం వస్తే ఎక్కడ నొక్కాలి, ఎంతసేపు పట్టుకోవాలి

ఎనిమిదేళ్ల బాబుకు ఎండలు ముదిరినప్పటి నుంచి తరచూ ముక్కులోంచి రక్తం వస్తోందనీ, అందరూ వేడి చేసిందంటున్నారనీ, ఇదేమన్నా పెద్ద జబ్బేమోనని భయంగా ఉందనీ రాశారు. మాది చీమకుర్తి. మా చిన్నోడికి బడికి పోయే వయసులో ప్రతి ఎండాకాలం ఇదే గొడవ, కాబట్టి మీ టెన్షన్ నాకు తెలుసు. ఈ వయసు పిల్లల్లో చాలావరకు ఇది పెద్ద జబ్బు కాదు. అయితే రక్తం ఆపే పద్ధతి మన ఇళ్లలో సరిగా తెలియదు. ముందు అది చెప్తాను.

రక్తం కనపడగానే బాబును కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకు వంచమనండి. ముక్కు మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరపండి. గట్టిగా తగిలే ఎముక అయిపోయి మెత్తగా మొదలవుతుంది చూడండి, అక్కడ రెండు రంధ్రాలూ మూసుకునేలా బొటనవేలు, చూపుడువేలితో గట్టిగా పట్టుకోవాలి. చాలామంది పైన ఎముక దగ్గర నొక్కుతారు, దానివల్ల ఉపయోగం లేదు. గడియారం చూసుకుని పది నిమిషాలు వదలకుండా పట్టుకోండి, వాణ్ణి నోటితో గాలి పీల్చమనండి. ఆగిందా లేదా అని నిమిషానికోసారి వేళ్లు తీసి చూస్తే అప్పుడప్పుడే కట్టే గడ్డ ఊడిపోయి మళ్లీ మొదలవుతుంది.

తల వెనక్కి వాల్చడం, పడుకోబెట్టడం అసలు వద్దు. రక్తం గొంతులోకి దిగి కడుపులోకి పోతుంది. తర్వాత అది వాంతి అయితే, ఆ ఎరుపు చూసి ఇంటిల్లిపాదీ హడలిపోతారు. నోట్లోకి వచ్చింది ఉమ్మేయమనండి. మా అత్తమ్మ ఉల్లిపాయ చితక్కొట్టి వాసన చూపించేది, నెత్తిన చన్నీళ్లు పోసేది. ఆమె ప్రేమకొద్దీ చేసేది, మేమూ కాదనలేదు. కానీ రక్తాన్ని ఆపేది మాత్రం ముక్కు పట్టుకోవడమే. ఆ పనుల కోసం పట్టిన ముక్కు వదలొద్దు.

ఎందుకొస్తుందంటే, ముక్కు మధ్య గోడకు ముందు వైపున సన్నటి రక్తనాళాలన్నీ ఒకచోట కలుస్తాయి. వాటి మీద పొర చాలా పల్చన. మే నెలలో మన దగ్గర పడమటి గాలి తిరిగితే ఆ పొర ఎండిన చెరువు నేలలా నెర్రెలిస్తుంది. లోపల పక్కు కడుతుంది, దురద పెడుతుంది, పిలకాయలు వేలు పెట్టి గిల్లుతారు. మావాడు నిద్రలో గిల్లుకునేవాడు, పొద్దున దిండు గలీబు మీద మరకలు చూసేదాకా మాకు తెలియలేదు. మా ఊళ్లో గ్రానైట్ దుమ్ము కూడా తోడయింది. జలుబు, ఎలర్జీ ఉన్నా వస్తుంది. కాబట్టి వేడి అనే మాటలో కొంత నిజముంది, కానీ అది బయటి పొడిగాలి వేడి. దానికి మామిడిపండు, కోడికూర మాన్పించి పిల్లవాణ్ణి బాధపెట్టొద్దు. నీళ్లు, మజ్జిగ ఎటూ తాగించండి.

ఒంగోలులో ముక్కు, చెవి, గొంతు డాక్టరు మాకు చెప్పింది చాలా తేలిక: రోజూ రాత్రి రంధ్రాల లోపలి అంచుకు పల్చగా వ్యాజిలైన్ రాయడం, పగలు ఉప్పునీటి చుక్కలు, గోళ్లు ఎప్పటికప్పుడు కత్తిరించడం. దాంతోనే బాగా తగ్గింది. మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ నాళం దగ్గర మందుతో కాల్చే చిన్న చికిత్స కూడా ఉంది, అది అవసరమా కాదా డాక్టరే చూసి చెప్పాలి.

రెండుసార్లు పది నిమిషాల చొప్పున సరిగ్గా పట్టుకున్నా ఆగకపోతే, తలకో ముక్కుకో గట్టి దెబ్బ తగిలి వస్తే, పిల్లవాడు పాలిపోయి కళ్లు తిరుగుతున్నాయంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒక రంధ్రం నుంచే చెడు వాసనతో చీమిడి, రక్తం వస్తుంటే లోపల గింజో పూసో ఇరుక్కుని ఉండొచ్చు, మీరు తీయబోతే ఇంకా లోపలికి పోతుంది. చిగుళ్ల నుంచి రక్తం, ఒంటి మీద కారణం లేకుండా కమిలిన మచ్చలు ఉంటే రక్తపరీక్ష చేయించాలి. జ్వరంతో పాటు ముక్కులోంచి రక్తం వస్తే డెంగీ అనుమానం పెట్టుకుని అదే రోజు చూపించండి. ఆ జ్వరానికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేయకూడదు, పారాసిటమాల్ ఒక్కటే, అదీ బరువును బట్టి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల సంగతి వేరు. మా మామగారు స్టెంట్ వేశాక రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారు, ఆయనకు వస్తే తొందరగా ఆగదు. అలాంటివాళ్లు మాత్రలు సొంతంగా మానేయకూడదు, డాక్టరుకు చూపించి, బీపీ కూడా చూపించుకోవాలి.

రక్తం ఆగాక ఆ పూటంతా గట్టిగా చీదనివ్వొద్దు, వేడివేడి పాలు ఇవ్వొద్దు, బరువులెత్తనివ్వొద్దు. బడిలో టీచరుకు కూడా ఎక్కడ నొక్కాలో మీ ముక్కు మీదే పట్టుకుని చూపించి రండి.