పేర్లు పోగేసే అమ్మాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఒకే థ్రిల్లర్ నవలకి ఏ భాషలో ఏ పేరు పెట్టారో ఓ నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఉంటుంది. ఇంజనీరింగ్ వద్దు, అనువాదం నేర్చుకుంటానంటోంది. ఇది అన్నం పెడుతుందా? మాకు ఒకటే టెన్షన్.

జవాబు: ముందు ఆ నోట్‌బుక్‌ని అటకెక్కించకండి. స్వీడన్ రచయిత స్టీగ్ లార్సన్ థ్రిల్లర్ నవల సంగతి అందులో ఉండే ఉంటుంది. 2005లో స్వీడిష్‌లో వచ్చినప్పుడు దాని పేరుకి అర్థం ‘ఆడవాళ్లను ద్వేషించే మగవాళ్లు’. 2008లో ఇంగ్లిష్‌లో ‘ద గర్ల్ విత్ ద డ్రాగన్ టాటూ’ అయింది. మగవాళ్లు పోయి, పచ్చబొట్టున్న అమ్మాయి అట్ట మీదికొచ్చింది. ఫ్రెంచ్‌లో ద్వేషం కాస్తా ‘ప్రేమించని’ దగ్గర ఆగింది. జర్మన్లు ‘ఫెర్‌బ్లెండుంగ్’ అని ఒక్క మాటతో సరిపెట్టారు. కళ్లు మూసుకుపోవడం అనుకోండి. తర్వాతి భాగాలు ‘ఫెర్‌డమ్‌నిస్’, ‘ఫెర్‌గేబుంగ్’. మన ఇళ్లలో పిల్లలందరికీ ఒకే అక్షరంతో పేర్లు పెట్టినట్టు!

రచయిత 2004లోనే పోయారు, ఈ అనువాదాల పేర్లేవీ ఆయన చూడలేదు. అనువాదకులున్నా, పేరు విషయంలో ఆఖరి మాట సాధారణంగా ప్రచురణకర్తదే. కాబట్టి మీ అమ్మాయికి నచ్చింది అనువాదమా, పుస్తకాన్ని అమ్మే పనా అన్నది తేలాలి. ఓ ఆదివారం ఇంగ్లిష్ నవలలో ఒక్క పేజీ తెలుగు చేయమనండి. మర్నాడు దాన్నే దిద్దమనండి. మూడో రోజు ఎవరూ చెప్పకుండానే మళ్లీ దిద్దుకుంటూ కూర్చుంటే, ఆ ఓపిక ఉన్నట్టే.

డబ్బు సంగతి దాచను. నవలల అనువాదం మీదే ఇల్లు గడవడం మన దగ్గర కష్టం. అన్నం పెట్టేది భాష. యూరప్ భాషలు నేర్చుకోవడంలో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుంటాయి. ఏ1 సర్టిఫికెట్ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. జర్మనో ఫ్రెంచో కనీసం బీ2 దాకా వస్తే కంపెనీల్లో ఆ భాష కస్టమర్లతో పని, సబ్‌టైటిల్స్, సాఫ్ట్‌వేర్ లోకలైజేషన్ (సాఫ్ట్‌వేర్‌ని ఆ భాషలోకి మార్చే పని) లాంటివి దొరుకుతాయి. నవలలు ఆ పక్కన చేసుకోవచ్చు.

హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) విదేశీ భాషల్లో బీఏ ఆనర్స్ ఉంది, దాని నోటిఫికేషన్ మీద ఓ కన్నేసి ఉంచండి. ఈఏపీసెట్ కూడా రాయనివ్వండి, చదివిన చదువే కదా. పరీక్షలయ్యాక దొరికే ఖాళీలో మాత్రం జర్మన్ ఏ1 క్లాసులో చేర్పించండి. ‘ఫెర్’ అంటే ఏంటో అప్పుడు అమ్మాయే మీకు చెబుతుంది.