హై ప్రెషర్ ఎర్రర్‌కి గ్యాస్ నింపించే ముందు ఫిల్టర్ గేజ్ చూడండి

మీ కాంప్లెక్స్ స్విమ్మింగ్ పూల్ నీళ్లని వేడిచేసే హీట్ పంప్ పావుగంట నడిచి హై ప్రెషర్ ఎర్రర్‌తో ఆగిపోతోందనీ, మెషీన్ కింద నీళ్లు చేరుతున్నాయనీ, మెకానిక్ గ్యాస్ నింపాలంటున్నాడనీ రాశారు. దయచేసి ఇప్పుడే ఒప్పుకోకండి.

హైదరాబాద్‌లో మా గేటెడ్ కమ్యూనిటీ పూల్ పనులు నేను చూస్తున్నప్పుడు, ఒక డిసెంబర్‌లో మాకూ అచ్చం ఇదే జరిగింది. మోకాళ్ల నొప్పులకి నీళ్లలో వ్యాయామం చేసే పెద్దవాళ్లు పొద్దున్నే వచ్చి, నీళ్లు చల్లగా ఉన్నాయని తిరిగి వెళ్లిపోతుంటే చూడలేకపోయాను. తొందరపడి గ్యాస్ నింపించాం. మర్నాడు ఐదు నిమిషాలకే ఆగిపోవడం మొదలైంది.

బయటి గాలిలోని వేడిని గ్యాస్ లాక్కొచ్చి, లోపలి టైటానియం గొట్టం దగ్గర పూల్ నీళ్లకి ఇస్తుంది. నీళ్లు సరిపడా పారకపోతే ఆ వేడికి పోయే దారి ఉండదు. గ్యాస్ ప్రెషర్ పెరిగి పెరిగి సేఫ్టీ స్విచ్ మెషీన్‌ని ఆపేస్తుంది. అలాంటప్పుడు ఇంకా గ్యాస్ ఎక్కిస్తే ప్రెషర్ ఇంకా పెరుగుతుంది. గ్యాస్ తగ్గితే మామూలుగా వచ్చేది లో ప్రెషర్ ఎర్రర్. పైగా గ్యాస్ వాడకంలో ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే.

మరి నీళ్లు తక్కువైతే ఫ్లో ఎర్రర్ రావాలి కదా అని నాకూ అనుమానం వచ్చింది. నీళ్లు పారుతున్నాయో లేదో చూసే ఫ్లో స్విచ్‌కి కొద్దిపాటి పారకం చాలు, సరిపెట్టుకుంటుంది. వేడిని తీసుకెళ్లడానికి మాత్రం అది చాలదు.

మా శాండ్ ఫిల్టర్ గేజ్ శుభ్రంగా ఉన్నప్పుడు 12 పీఎస్ఐ చూపించేది. ఆ రోజు 24 ఉంది, అంటే ఫిల్టర్ మూసుకుపోయి నీళ్లు సరిగా పారట్లేదన్నమాట. బ్యాక్‌వాష్ (నీళ్లని వెనక్కి పారించి ఫిల్టర్ ఇసుకని కడగడం) చేసి నెలలైంది. మామూలు కంటే 8, 10 పీఎస్ఐ పెరగగానే చేసెయ్యాలి. దానికి తోడు ఎవరో బైపాస్ వాల్వ్ పూర్తిగా తెరిచి వదిలేశారు. నీళ్లలో చాలా భాగం మెషీన్‌లోకి వెళ్లకుండా పక్కనుంచే పోతోంది. బ్యాక్‌వాష్ చేసి, వాల్వ్ సరిచేసి, ఎక్కువైన గ్యాస్ తీయించి, మెషీన్ ప్లేటు మీద రాసిన బరువు ప్రకారమే మళ్లీ నింపించాం. ఆ సీజనంతా మళ్లీ ఆగలేదు.

కింద చేరే నీళ్ల గురించి కంగారు పడకండి, ఏసీకి కారినట్టే ఇక్కడా కారతాయి. అనుమానముంటే పూల్ టెస్ట్ కిట్‌తో ఆ నీళ్లలో క్లోరిన్ చూడండి. ఉంటే పూల్ నీళ్లు లీకవుతున్నట్టు.

అప్పటిదాకా ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ రీసెట్ చేసి నడపకండి, కంప్రెసర్ పాడవుతుంది. కవర్ విప్పే పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి, మెయిన్ ఆపినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది. ఫిల్టర్, పూల్‌లో తేలే చెత్తని పట్టే స్కిమ్మర్ బుట్ట, వాల్వ్ అన్నీ సరిగా ఉన్నా హై ప్రెషర్ వస్తుంటే, మీది బోరు నీళ్లయితే లోపలి గొట్టం మీద సున్నం పేరుకుందేమో చూపించండి.